సిబిల్లె బొమ్మ వెనక ఎర్రచుక్క

ఒక మనిషిని నమ్మకపోవడమూ, ఆ మనిషిని అనుమానించడమూ ఒకటేనా?

డాక్టర్ సూర్యప్రకాశరావు ఇంట్లో, డైనింగ్ టేబుల్‌కు అవతల కూర్చున్న అమ్మాయి చేతుల్ని చూస్తూ ఇంద్రజ తనకు తాను ఈ ప్రశ్న వేసుకుంది. నమ్మకపోవడంలో కొంత వినయం ఉంది. నాకింకా తెలియదని ఒప్పుకోవడమే అది. అనుమానానికి ఆ వినయం ఉండదు. జవాబును ముందే జేబులో పెట్టుకుని, దానికి సరిపోయే ప్రశ్న కోసం తిరుగుతుంది. పదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేసి, తర్వాత లైసెన్సు తీసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అయిన తనకు మొదటిది వృత్తిధర్మం. రెండోది జబ్బు. అరోరాలోని ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి తనను పట్టుకున్నది ఏదో ఆమెకు తేలడం లేదు.

ఎదుటి అమ్మాయి పేరు రిషిత. కరీంనగర్ నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చింది. తోటివాళ్ళంతా డేటా సైన్స్‌లో చేరితే తాను మాత్రం కళాచరిత్రలో మాస్టర్స్ చదువుతోంది. ఆమె ముందు ఒక కాగితం, దాని మీద అడ్డంగా ఒక పెన్ను ఉన్నాయి.

"చదివావా?"

"చాలాసార్లు చదివాను, ఆంటీ."

"ఏముంది అందులో?"

"ఒరిజినల్ నేనే తీశానని. తిరిగి ఇచ్చేస్తానని. సైన్ చేస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు కేసు ప్రెస్ చెయ్యరంట. చెయ్యకపోతే డాక్టర్ అంకుల్ హాస్పిటల్ నుంచి రాగానే పోలీస్ కంప్లైంట్ ఫైల్ చేస్తారంట."

"తీశావా?"

"లేదు."

"మరి నీ దగ్గర లేనిదాన్ని ఎక్కణ్ణించి తెచ్చి ఇస్తావు?"

రిషిత తల ఎత్తలేదు. "తెలీదు. కొంచెం టైమ్ దొరుకుతుంది కదా అని. అరెస్ట్ అయితే నా వీసా స్టేటస్ పోతుంది, ఆంటీ. మేలో గ్రాడ్యుయేషన్. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

భయం నిజమైనదే. అయితే దొంగకు మాత్రం భయం ఉండదా? ఇంద్రజ దాన్ని ఏ వైపూ లెక్కలో వేయలేదు.

"గోటి కింద ఆ నీలం ఏమిటి?"

చేయి చప్పున టేబుల్ కిందికి వెళ్ళింది. "పెయింట్. బొమ్మలు వేస్తాను."

"ఆయిల్ కూడా వేస్తావా?"

"ఒక కోర్సులో వేశాను. పాత పెయింటింగ్ ఒకటి కాపీ చెయ్యాలి, అదే అసైన్‌మెంట్."

"దేన్ని కాపీ చేశావు?"

రిషిత కాగితం మీది పెన్నును పక్కకు జరిపింది. "సిబిల్లెని."

పోయిన బొమ్మ పేరు అదే.

రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత చెక్క పలక. దాని మీద నూనెరంగుల్లో పదహారో శతాబ్దపు జర్మన్ కౌంట్ ఒకాయన కూతురు. హృద్రోగ నిపుణుడైన సూర్యప్రకాశరావు అలాంటివే సేకరిస్తాడు: ఫొటోలు లేని రోజుల్లో సంబంధం మాట్లాడుకోవడానికి ఒక దర్బారు నుంచి ఇంకో దర్బారుకు పంపిన కన్యల బొమ్మలు. వాటిలో సిబిల్లెను ఒక యూనివర్సిటీ మ్యూజియానికి దానం చేస్తానని ఆయన పత్రాలు రాసి ఇచ్చాడు. ఈ నెల మొదట్లో మ్యూజియం నిపుణురాలు వచ్చి, భూతద్దం పెట్టి చూసి, ఇది ఈ మధ్యనే వేసిన నకలని తేల్చేసింది. అసలు బొమ్మ ఇంటి గడప దాటింది ఒక్కసారేనని డాక్టరు చెప్పాడు. వేసవిలో, దాని చరిత్ర రాస్తున్న రిషిత యూనివర్సిటీ ల్యాబ్‌లో ఫొటోలు తీయించడానికి తీసుకువెళ్ళింది. జూన్ నెలాఖరున తెచ్చి ఇచ్చింది. బొమ్మ కోసం వచ్చిపోయేందుకు ఆమెకిచ్చిన ఇంటి తాళంచెవి కూడా అప్పుడే అప్పగించింది. తెచ్చి ఇచ్చింది అసలుదా, నకలా? తగువంతా అక్కడే.

డాక్టరు ఇంద్రజను పిలిచింది కూడా తనంతట తాను కాదు. ఫోన్‌లో ఆ మాట దాచుకోలేదు: "మా అమ్మ పోరు పడలేక పిలుస్తున్నానండీ. ఆ పిల్ల దొంగ కాదని రెండు రోజులు అన్నం మానేసింది. మీరొచ్చి ఒకసారి చూసి, ఉన్నమాట ఆవిడకి చెప్పేస్తే చాలు."

"ఎవరమ్మా ఈ సిబిల్లె?" ఇంద్రజ అడిగింది. ఆమెకు చరిత్ర మీద ఆసక్తి తక్కువ. పోయిన వస్తువును గురించి ఎదుటిమనిషి ఎలా మాట్లాడుతుందో వినడం మీద ఎక్కువ.

రిషిత మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "లిండెన్‌ఫెల్డ్ అని చిన్న కౌంటీ, ఆంటీ. హిస్టరీలో వాళ్ళ నాన్నకే రెండు లైన్లుంటాయి. ఈమెకి అవి కూడా లేవు. పధ్నాలుగేళ్ళప్పుడు ఈ బొమ్మ వేయించి ఒక డ్యూక్ దగ్గరికి పంపారు. సంబంధం కుదిరిపోయినట్టే అనుకుని, వెనకాల ఆ డ్యూక్ వంశ చిహ్నం కూడా వేయించేశారు. వాళ్ళు ఏడాది ఉంచుకుని తిప్పి పంపేశారు."

"ఎందుకని?"

"వాళ్ళు లూథర్ మతంలోకి మారిపోయారు, వీళ్ళు మారలేదు. అప్పుడు వీళ్ళు ఆ చిహ్నం గీకేసి, దాని మీద ఇంకో వంశం చిహ్నం వేసి, ఇంకో చోటికి పంపారు. అక్కడ పెళ్ళికొడుకు చచ్చిపోయాడు. మళ్ళీ గీకారు. మూడోసారి అరవయ్యేళ్ళ ముసలాయనకి పంపారు. ల్యాబ్‌లో ఎక్స్-రే తీస్తే మూడు చిహ్నాలూ ఒకదాని కింద ఒకటి కనిపించాయి. మూడోసారి పంపేటప్పటికి ఆమెకి ఇరవైమూడు. బొమ్మలో మాత్రం అదే పధ్నాలుగు."

"చివరికి ఎవర్ని చేసుకుంది?"

"ఎవర్నీ లేదు. కాన్వెంట్‌లో చేరింది. నాలుగో సంబంధంవాళ్ళు బొమ్మ పంపమంటే పంపనని చెప్పిందంట."

"మస్తు కథలు చెప్తది గదా, అక్కా?"

గుమ్మంలో చక్రధర్ నిలబడి ఉన్నాడు. బీమా కంపెనీ పరిశోధకుడు. చేతిలో ట్యాబ్లెట్, మెడలో ఐడీ కార్డు, ముఖంలో పని అయిపోయినవాడి తీరిక. కిందటేడు నేపర్‌విల్‌లో ఒక నగల కేసులో అతను తేల్చినదాన్ని ఇంద్రజ తిరగతోడింది. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు.

"నాక్కూడ చెప్పింది. నాకైతే కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. తర్వాత ఈ చెల్లె అపార్ట్‌మెంట్‌కు పోతే గోడ మీద అదే బొమ్మ, ఈమె చేతులతోటి వేసింది. నీళ్ళు ఆడికాడికే ఎండిపోయినయి."

"అది కాగితం మీద వేసింది!" అంది రిషిత. "చెక్క మీద కాదు."

"కాగితం మీద ప్రాక్టీస్, చెక్క మీద ఫైనల్. ఎగ్జామ్స్‌కు గట్లనే గదా చదువుతరు?"

ఇంద్రజ లేచింది. "గది చూపించు, చక్రధర్."

*

బొమ్మల గది ఇంటి ఉత్తరపు మూల ఉంది. కిటికీకి మందపాటి తెర, మూలన తేమను అదుపు చేసే యంత్రం, మూడు గోడల మీద జర్మన్ ఆడపిల్లలు. అందరూ పక్కకు తిరిగి ఎవరికోసమో చూస్తున్నారు. తలుపుకు తాళం ఉంది గాని, ఇంట్లో మనుషులు ఉన్న పగటిపూట వేయరు. బొమ్మలన్నీ మామూలు కొక్కేలకే వేలాడుతున్నాయి. అంటే పలకను తీయడానికి నేర్పు అక్కర్లేదు; ఇంట్లో ఉండే హక్కు చాలు.

ఇంద్రజ చేతి తొడుగులు వేసుకుని సిబిల్లెను దించి, బల్ల మీద పరిచిన మెత్తటి గుడ్డపై బోర్లా పడుకోబెట్టింది. వెనకవైపు వన్నె తగ్గిన సింహం, గళ్ళు, సగం చెరిగిన కిరీటం ఉన్నాయి. కుడి మూలన, కిరీటానికి కొంచెం కింద, కందిగింజంత ఎర్రచుక్క. చుక్క చుట్టూ సన్నని పసుప్పచ్చ అంచు.

"ఇది ఏమిటి?"

"అడుగుతవని తెలుసు." చక్రధర్ ట్యాబ్లెట్ ముందుకు జరిపాడు. "జూన్‌ల ల్యాబ్‌వాళ్ళు తీసిన ఫొటో. అదే వెనకభాగం. చుక్క ఉన్నదా? లేదు. ఇప్పుడు ఉన్నది. అంటే ఏంది? ఫొటో దిగింది అసలుది, ఇంటికి తిరిగొచ్చింది ఇది. పాత బొమ్మల ఎనక లక్క ముద్రలుంటయి, కొనుక్కున్నోళ్ళ గుర్తులుంటయి. పాతగ కనబడాలని ఈ చెల్లె ఒకటి ఎక్కువ పెట్టింది. ఓవరాక్షన్."

"ఆ ఫొటో తీయించింది రిషితే కదా? తన ఫొటోలో లేని చుక్కను తన నకలులో తానే ఎందుకు పెడుతుంది? పక్కపక్కన పెడితే ఎవరైనా పట్టేస్తారు."

"దొంగలందరు తెలివిగల్లోళ్ళయితే మన ఉద్యోగాలు పోతయి, అక్కా."

"నీకు ఇంత తొందరేమిటి?"

"నాకు తొందరేంది? డాక్టర్ సార్‌కు తొందర. వచ్చే శనివారం కొడుకు నీల్ ఎంగేజ్‌మెంట్ ఉన్నదంట. ఆలోపల ఈ గడబిడ క్లోజ్ చెయ్యమన్నడు. నువ్వేమో ప్రతి బగ్గుకు ఒక ఫిలాసఫీ చెప్తవు. పొద్దుగూకుతది."

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే ఇంద్రజను బాధపెట్టింది. నీలిరంగు గోరు, గోడ మీది నకలు, ఫొటోలో లేని చుక్క అన్నీ ఒకే దిక్కుకు వేలు చూపుతున్నాయి. తాను వేరే దిక్కుకు చూస్తున్నది నిజం కోసమా, చక్రధర్ మీద ఉన్న చిరాకుతోనా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోలేక, మంచినీళ్ళ కోసమని వంటింట్లోకి వెళ్ళింది.

డాక్టరుగారి తల్లి కనకదుర్గమ్మ స్టవ్ దగ్గర గారెలు వేస్తోంది. తెనాలి నుంచి మే నెలలో వచ్చింది. ఈ నెలాఖరుకు తిరుగు ప్రయాణం. ఎవరికోసం అన్ని గారెలని అడిగితే ముసలామె వెనుదిరగకుండానే, "ఆ పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తిన్లా. దొంగైనా తినాలిగా. కాదనుకో," అంది.

గ్లాసు అందుకోబోతూ ఇంద్రజ ఆగిపోయింది.

సరుకుల అలమరలో పై అరను దేవుడి అరగా మార్చుకుంది కనకదుర్గమ్మ. లక్ష్మి, వేంకటేశ్వరుడు, సాయిబాబా. ఒక్కొక్క పటం అడుగున పసుపు పూత, దాని నడుమ కుంకుమ. చుక్క కందిగింజంత. చుట్టూ మిగిలిన పసుపు సన్నని అంచులా ఉంది.

ఉంగరపు వేలితో ఒత్తే బొట్టు ఎవరికి వారిదే. ఒకే చెయ్యి అయితే కొలత మారదు.

"అమ్మగారూ, ఆ గదిలో ఉన్న సిబిల్లెకు కూడా మీరు బొట్టు పెట్టారా?"

గరిటె నూనెలో ఆగింది. కనకదుర్గమ్మ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "మావాడితో చెప్పకమ్మాయ్. వరలక్ష్మీ వ్రతం నాడు పెట్టాను. ఆ రోజు పేరంటానికి వీధిలో మనవాళ్ళంతా వచ్చారు. అందరికీ బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చాను. ఆ సిబిల్లమ్మ ఒక్కతీ ఆ చీకటి గదిలో. మూడు సంబంధాలు తప్పిపోయాయని రిషిత చెప్పిందిగా పాపం. పండగపూట ఇంట్లో ఉన్న ఆడపిల్లకి బొట్టు పెట్టకుండా ఎట్లా వదిలేస్తాం, చెప్పు?"

"బొమ్మ మీద ఎక్కడ పెట్టారు?"

"ముందుపక్క పెడితే చంపెయ్యడూ? ఆ బొమ్మ దగ్గర గట్టిగా ఊపిరి తీసినా ఊరుకోడు వాడు. అందుకని కొక్కెం మీంచి తీసి, వెనకాల కాస్త పసుపు రాసి, బొట్టు పెట్టి, మళ్ళీ తగిలించా. దణ్ణం కూడా పెట్టించా ఆ సిబిల్లమ్మ చేత, మనసులో."

వరలక్ష్మీ వ్రతం ఆగస్టులో. రిషిత తాళంచెవి ఇచ్చి వెళ్ళిపోయింది జూన్‌లో.

తరువాతి ప్రశ్న నాలుక చివరకు వచ్చింది: ఆ తర్వాత బొమ్మ ఎక్కడికైనా వెళ్ళిందా? ఎవరు తీసుకువెళ్ళారు? ఇంద్రజ దాన్ని మింగేసింది. ఈ ఇంట్లో ఆ పని చేయగలిగినవాళ్ళు ఎందరో లేరు. గారెలు వేస్తున్న తల్లి నోటి నుంచి, ఆమెకు తెలియకుండా కొడుకు మీద సాక్ష్యం లాగడం దొంగతనానికి ఎంత దూరం? ముందు వస్తువును అడగాలి. వస్తువుకు ఎవరి మీదా ప్రేమ ఉండదు.

"కుంకుమ భరిణ, కాస్త పసుపు ఇస్తారా?"

"పెట్టుకో తల్లీ, అడగాలా?"

*

ఇంద్రజ కాగితపు రుమాలు మీద పసుపు రాసి, పైన కుంకుమ అద్ది, పలక పక్కన పెట్టింది. గదిలో దీపం ఆర్పి యూవీ టార్చ్ వెలిగించింది. రుమాలు మీది పసుపు ఆ ఊదారంగు వెలుతురులో ఆకుపచ్చగా భగ్గుమంది. పలక మీది చుక్క అంచు మాత్రం చీకటిగానే ఉండిపోయింది. దీపం వేసి, దూదిపుల్ల తడిపి రుమాలు మీది కుంకుమను తాకింది; దూది ఎర్రబడింది. పుల్ల రెండో కొసను తడిపి, దానితో పలక మీది చుక్కను రుద్దింది. ఏమీ అంటలేదు.

"ఏం చేస్తున్నవక్కా? పూజనా?"

"వరలక్ష్మీ వ్రతం నాడు కనకదుర్గమ్మగారు ఈ బొమ్మ వెనక పసుపు రాసి బొట్టు పెట్టారు. పెట్టింది ఈ పలక మీదే అయితే ఇది కుంకుమ అయి ఉండాలి. కాదు, పెయింట్."

చక్రధర్ నవ్వు సగంలో నిలిచిపోయింది.

"అంటే ఆగస్టులో ఈ గోడ మీద ఉన్నది వేరే పలక," అంది ఇంద్రజ. "ఎవరో ఆ పలకను ఎదురుగా పెట్టుకుని నకలు వేశారు. వెనక్కి తిప్పితే ఎర్రచుక్క కనిపించింది. అదేమిటో వాళ్ళకు తెలియదు. ఏ కాలంనాటి ముద్రో అనుకుని, పసుపు అంచుతో సహా భక్తిగా దించేశారు. నకలు తయారైంది వ్రతం తర్వాత, చక్రధర్. కరీంనగర్ పిల్ల బొట్టును చూసి లక్క ముద్ర అనుకుంటుందా?"

"నేనే అనుకున్న గదా అక్కా, వరంగల్‌ల పుట్టి."

"నువ్వు చూసింది బొట్టు కాదు, బొట్టు బొమ్మ. సరే, ఆ మాట వదిలెయ్. నెలల లెక్క చాలు. జూన్‌లో తాళంచెవి ఇచ్చేశాక రిషితకు ఈ ఇంట్లోకి దారి లేదు."

అతను పలక మీదికి వంగాడు. తానే దూదిపుల్ల తీసుకుని, తడిపి, చుక్కను మళ్ళీ రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. దూది తెల్లగానే ఉంది.

"ముసలమ్మకు ఆ పిల్లంటే పానం. కాపాడనీకి చెప్తున్నదేమో?"

"అబద్ధమైతే ఆవిడ ఈ చుక్క ఉందని తెలిసి చెప్పాలి. పలకను నువ్వూ నేనూ తిప్పి చూశాం, మ్యూజియం ఆవిడ చూసింది. వంటింట్లో ఉన్న పెద్దావిడకు ఎవరు చూపించారు? నేను అడిగింది బొట్టు పెట్టారా అని మాత్రమే. వెనకాల, పసుపు మీద అని ఆవిడే చెప్పారు. పైగా కొడుకుకు చెప్పొద్దని బతిమాలారు. కాపాడాలనుకున్న మనిషి సాక్ష్యాన్ని దాచమంటుందా?"

చక్రధర్ దూదిపుల్లను జాగ్రత్తగా ఒక చిన్న సంచిలో వేసి మూతి అంటించాడు. అతని మాటలో వెటకారం పోయింది. "జూన్ తర్వాత బొమ్మ ఇల్లు దాటలేదని డాక్టర్ సార్ నాకు రాసిచ్చిండు."

"నాకు నోటితో చెప్పారు."

బయట గరాజ్ తలుపు పైకి లేస్తున్న చప్పుడు వినిపించింది.

*

సూర్యప్రకాశరావు కోటు కూడా విప్పకుండా డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చాడు. పొడుగాటి మనిషి, రోగులకు ధైర్యం చెప్పి చెప్పి మెత్తబడిన గొంతు. రిషిత పెన్ను పట్టుకుని కూర్చుని ఉంది. కాగితం మీద మొదటి అక్షరం పడింది, రెండోది ఇంకా పడలేదు.

"అయిందా అమ్మా? సంతకం పెట్టేస్తే అందరికీ మంచిది. నేను నిన్నేమీ అనను." పలకను పట్టుకుని వస్తున్న ఇంద్రజను చూసి కనుబొమలు ముడిచాడు. "దాన్నెందుకు దించారు?"

"ఒక్కమాట, డాక్టరుగారూ. జూన్ తర్వాత సిబిల్లె ఆ గోడ దిగిందా?"

"దిగలేదని చెప్పాను కదండీ."

"ఫ్రేము బాగుచేయించడానికి గానీ, ఎవరికైనా చూపించడానికి గానీ?"

"హార్ట్ పేషెంటుని కూడా నేను ఒకే ప్రశ్న ఇన్నిసార్లు అడగనండీ." చిన్నగా నవ్వాడు. "దిగలేదు. చక్రధర్‌గారికి రాసి కూడా ఇచ్చాను."

"అదేంట్రా ప్రకాశం, అట్లా అంటావు?"

గారెల పళ్ళెంతో కనకదుర్గమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు మతిమరుపును సరిదిద్దుతున్న తల్లి గొంతు అది. అంతకు మించి ఏమీ లేదు అందులో.

"వినాయక చవితి వెళ్ళాక నీల్ సంబంధం మాట్లాడ్డానికి వెళ్తూ కార్లో పెట్టుకెళ్ళలా? బెంటన్‌విల్ వియ్యాలవారికి ఇట్లాంటి బొమ్మలంటే పిచ్చి అని నువ్వేగా చెప్పావు. దసరా అయ్యాక మళ్ళీ తెచ్చి తగిలించావు. నేనే తలుపు తీశా." పళ్ళెం రిషిత ముందు పెట్టింది. "తిను తల్లీ, చల్లారిపోతాయి."

రిషిత చేతిలోని పెన్ను కాగితం మీద పడి దొర్లింది.

ఇంద్రజకు అంతా ఒక్కసారిగా, ఏ శ్రమా లేకుండా అర్థమైంది. ఈయన సిబిల్లెను అమ్ముకోలేదు. కొడుకుకు పెద్దింటి పిల్ల కావాలి, ఆ పిల్ల తండ్రికి పాత బొమ్మల మీద మోజు. మ్యూజియానికి రాసిచ్చేసిన బొమ్మను సంబంధం కోసం కానుకగా చదివించి, మ్యూజియానికి ఇవ్వడానికి నకలు వేయించాడు. నకలు దొరికిపోయింది. దొరికిన నకలుకు ఒక దొంగ కావాలి. బొమ్మలు వేసే చెయ్యి, పోతుందని భయపడే వీసా ఉన్న దొంగ అయితే మరీ మంచిది. నాలుగోసారి బొమ్మ పంపనన్న మనిషిని అయిదు వందల ఏళ్ళ తర్వాత, ఆమెను అడగకుండానే, నాలుగో సంబంధానికి పంపించేశారు.

"అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు."

"ఏం, చెప్పకూడదా?" కనకదుర్గమ్మ ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూసింది. "నేనేమన్నానిప్పుడు?"

"ఏమీ లేదమ్మా. వెళ్ళు."

ఆమె వెళ్ళింది. గుమ్మం దగ్గర ఒకసారి ఆగింది గాని, వెనక్కి తిరగలేదు.

డాక్టరు గొంతు ఇంకా మెత్తబడింది. "ఇంద్రజగారూ, మిమ్మల్ని పిలిచింది నేను. ఈ ఇంట్లో విన్నది బయటికి పోకూడదని మన అగ్రిమెంట్‌లో ఉంది. శనివారం దాటనివ్వండి. ఈ పిల్లకి మంచి లాయర్‌ని పెడతాను. వీసా సంగతి నేను చూసుకుంటాను. ఏ పిల్ల జీవితమూ పాడవదు."

"దాటాక ఏం చేస్తారు?"

"సర్దుతాను. ఎలాగో ఒకలా." జేబులోంచి ఫోన్ తీశాడు. "ఒక్కటి ఆలోచించండి. మా అమ్మకి ఎనభై దాటాయి. ఆవిడ కోర్టులో నిలబడి నా మీద చెప్పాలా? ప్రేమతో అన్నమాటని మీరు కత్తి చేసి ఆవిడ చేతికే ఇస్తారా?"

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. వంటింట్లో తాను మింగేసిన ప్రశ్న ఇదే. ఇంద్రజ చక్రధర్ వైపు చూసింది. అతను తన ఐడీ కార్డును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"సార్ మా కంపెనీకి పాత కస్టమర్, అక్కా," అన్నాడు నేల చూస్తూ. "పైకి ఫోన్ చేసి అడగాలె. రేపటి వరకు టైమ్ ఇయ్యి."

రేపు. డాక్టరు బొటనవేలు అప్పటికే ఫోన్ మీద ఒక పేరు కోసం వెతుకుతోంది. ఆ ఫోన్ బెంటన్‌విల్‌లో మోగితే, అక్కడి గోడ మీది సిబిల్లె రేపటికి ఏ పెట్టెలోకి, ఏ దేశానికి పోతుందో ఎవరికీ తెలియదు. అసలు బొమ్మ దొరకనంతవరకు దొంగ రిషితే. ముసలితల్లి పడబోయే బాధ నిజమైనది. దాన్ని తప్పించగలిగిన మనిషి ఒక్కడే, ఆమె కొడుకు. వినాయక చవితి నుంచి ఏ రోజైనా తప్పించగలిగేవాడు. ఆ బాధను ఎత్తి ఈ పిల్ల నెత్తిన పెట్టే అధికారం అతనికి లేదు. తనకూ లేదు.

ఇంద్రజ పలకను చక్రధర్ చేతుల్లో పెట్టింది. అతను దాన్ని అందుకోక తప్పలేదు.

"డాక్టరుగారూ, ఈ క్షణం నుంచి నేను మీ మనిషిని కాను."

రిషిత ముందున్న కాగితాన్ని తీసి, ఒక్క అక్షరంతో ఆగిపోయిన ఆ సంతకాన్ని అడ్డంగా చించింది. కంప్లైంట్ కోసం చక్రధర్ టేబుల్ మీద సిద్ధంగా పెట్టుకున్న పోలీసు డిటెక్టివ్ కార్డు అక్కడే ఉంది. దాని మీది నంబరు నొక్కింది. టేబుల్‌కు అవతల సూర్యప్రకాశరావు కూడా ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఒకే గదిలో రెండు ఫోన్లు అవతలి మనుషుల కోసం మోగుతున్నాయి. చక్రధర్ పలకను గుండెకు హత్తుకుని ఒకరి నుంచి ఇంకొకరికి చూస్తున్నాడు. ఉన్నట్టుండి అతను రెండంగల్లో టేబుల్ చుట్టి వచ్చి డాక్టరు ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, కొంచెం ఫోన్ కింద పెట్టండి. నాకు మీరు రాసిచ్చిన కాగితం గురించి ఒక మాట అడిగేది ఉన్నది."

ఇంద్రజ చెవిలో ఒక గొంతు పలికింది. ఆమె తన పేరు, లైసెన్సు నంబరు చెప్పింది. తరువాత ఒక్కొక్క మాటా తూచి, ఇంగ్లీషులో అంది: "పోయిన బొమ్మ ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో ఉంది. ఎవరింట్లో ఉందో చెప్పగలిగిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. మీరు ఇప్పుడే బయల్దేరాలి. ఇంకొక్క ఫోన్ వెళ్ళిందంటే అది అక్కడ కూడా ఉండదు."